కాలువల ఊరి నుంచి పాలపుంత నడిబొడ్డుకు

తెనాలి పేరు చెప్పగానే పిల్లలకు గుర్తుకు వచ్చేది రామకృష్ణ కవి. పెద్దలకు గుర్తుకు వచ్చేవి నాటకాలూ, కాలువలూ. కృష్ణానది నుంచి వచ్చే మూడు కాలువలు ఈ ఊరి మీదుగా పారతాయి. వాటిని చూసే దీనికి "ఆంధ్రా ప్యారిస్" అని ముద్దుపేరు పెట్టారు.

కాలువల్లోని నీరు తెనాలిలో పుట్టింది కాదు. ఎక్కడో మహారాష్ట్రలో మహాబలేశ్వరం కొండల్లో పుట్టిన కృష్ణ సుమారు 1,300 కిలోమీటర్లు నడిచి విజయవాడ చేరుతుంది. అక్కడ 1855లో ఆనకట్ట కట్టారు. 1957లో దాని బదులు ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడ నిలిచిన నీరు పడమటి గట్టున సీతానగరం దగ్గిర కాలువలోకి దిగి, దుగ్గిరాల లాకుల దగ్గిర చీలి, ఊళ్ళ మీదుగా చేలలోకి పోతుంది. నీరు వచ్చింది గనక పంట వచ్చింది. పంట వచ్చింది గనక బజారు వచ్చింది. బజారు ఉంది గనక నాలుగు వైపుల నుంచీ మనుషులు వచ్చారు. అట్లా వచ్చినవారికి అక్కడే పిల్లలు పుట్టారు. ఇట్లా ఊరి నడిబొడ్డు కిక్కిరిసిపోయింది.

సంక్రాంతి ముందు రోజున తెనాలి బజారులో నిలబడి, ఎదురు వచ్చే పదిమందిని చూడండి. వారిలో పై ఊళ్ళ నుంచి వచ్చినవారు ఎవరు? ఇక్కడే పుట్టి పెరిగినవారు ఎవరు? ముఖం చూసి చెప్పటం కష్టం. పలకరించి, మాట తీరు విని, వయసు అడిగి తెలుసుకుంటే గాని తేలదు.

ఆకాశంలో కూడా ఇట్లాంటి బజారు ఒకటి ఉన్నది. అక్కడ కిక్కిరిసి ఉన్నది మనుషులు కాదు, నక్షత్రాలు. అక్కడ కూడా ఇదే ప్రశ్న: ఆ నక్షత్రాలు ఎక్కడి నుంచో వచ్చి చేరాయా, లేక అక్కడే పుట్టాయా? శాస్త్రజ్ఞులు దీన్ని గురించి కొన్ని దశాబ్దాలుగా వాదించుకున్నారు. వారి సమాధానాలు తెలుసుకోవటానికి మనం తెనాలి నుంచి రేపల్లెకూ, రేపల్లె నుంచి బాపట్లకూ పోదాం.

వెన్నెల లేని రాత్రి ఆకాశానికి అడ్డంగా పాలు ఒలికినట్టు ఒక తెల్లని బాట కనిపిస్తుంది. దాన్ని పాలపుంత అంటాం, ఆకాశగంగ అని కూడా అంటాం. అది పదివేల కోట్లకు పైగా నక్షత్రాలున్న ఒక గెలాక్సీ. మన సూర్యుడు అందులో ఒకడు. కాని మనం ఉండేది నడిబొడ్డున కాదు. నడిబొడ్డు ఇక్కడికి సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరం. కాంతి ఒక సెకనులో మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. అది ఏడాది పొడుగునా ప్రయాణం చేసిన దూరమే ఒక కాంతి సంవత్సరం, అంటే సుమారు తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు.

మన చుట్టుపక్కల నక్షత్రాలు ఎంత పలచగా ఉన్నాయో చూడండి. సూర్యుడి చుట్టూ మూడు కాంతి సంవత్సరాల వరకు వెతికినా మరొక నక్షత్రం దొరకదు. అన్నిటికన్నా దగ్గిర ఉన్నది 4.2 కాంతి సంవత్సరాల దూరాన ఉన్నది. మనది పొలం నడుమ ఒంటరి పాక లాంటి కాపురం! అదే పాలపుంత నడిబొడ్డు చుట్టూ మూడు కాంతి సంవత్సరాల వరకు లెక్క వేస్తే, అందులో ఉన్న నక్షత్రాల బరువు పది లక్షల సూర్యుల బరువుకు సమానం. అదీ సంక్రాంతి బజారు!

ఈ నక్షత్రాల గుంపును "కేంద్రపు గుత్తి" అని పిలుచుకుందాం. దాని మొత్తం బరువు రెండున్నర, మూడు కోట్ల సూర్యులంత. అయినా అందులో సగం వెలుగు 30 కాంతి సంవత్సరాల అడ్డం గల చోటులోనే ఇమిడి ఉన్నది. సరిగ్గా నట్టనడుమ ఒక కృష్ణబిలం ఉంది. అది సుమారు 40 లక్షల సూర్యుల బరువు గలది. వెలుగు కూడా దాని నుంచి తప్పించుకు రాలేదు. రైన్‌హార్డ్ గెంజెల్ బృందమూ, ఆండ్రియా గెజ్ బృందమూ ఏళ్ళ తరబడి కేంద్రపు గుత్తిలోని నక్షత్రాలు తిరిగే తీరు కనిపెట్టి చూసి ఆ బరువు తూచారు. ఆ ఇద్దరికీ 2020లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఈ గుత్తి మన కళ్ళకు కనిపించదు. మనకూ దానికీ మధ్య ధూళి మేఘాలు అడ్డం. ధనుర్మాసపు తెల్లవారుజామున చేల మీద మంచు కమ్మినప్పుడు రైలు కనిపించదు, కాని దాని కూత వినిపిస్తుంది గదా! అట్లాగే మామూలు వెలుగును ఆపేసే ధూళి, పరారుణ కిరణాలను చాలావరకు పోనిస్తుంది. మనం వేడిగా మాత్రమే గుర్తించగల కిరణాలవి. 1968లో బెక్లిన్, న్యూగెబావర్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఆ కిరణాలతో నడిబొడ్డును చూడగలిగారు. కేంద్రపు గుత్తి అట్లా బయటపడింది. తరువాత ఎన్నో గెలాక్సీల నడుమ ఇట్లాంటి గుత్తులు కనిపించాయి. కనక ఇది మన ఒక్క గెలాక్సీలో జరిగిన వింత కాదు. దీనికి ఏదో కారణం ఉండితీరాలి.

ఇక మొదటి సమాధానం. దాన్ని తెనాలి కాలువ గట్టునే నిలబడి చెప్పుకోవచ్చు.

చేలో పైరు బయట నుంచి రాదు. బయట నుంచి వచ్చేది నీరు. పైరు చేలోనే పుడుతుంది. అట్లాగే గెలాక్సీ నడిబొడ్డుకు వచ్చేది వాయువు, నక్షత్రాలు అక్కడే పుడతాయి అన్నది మొదటి సమాధానం.

గెలాక్సీలో నక్షత్రాల మధ్య హైడ్రోజను మొదలైన వాయువులు మేఘాలుగా ఉంటాయి. అవి నడిబొడ్డు చుట్టూ తిరుగుతుంటాయి. తాడు కట్టి తిప్పే చెంబులోని నీరు కింద పడదు, చూశారా? అట్లాగే తిరిగేది ఏదీ ఊరికే నడిబొడ్డులోకి పడిపోదు. పడాలంటే అది తన తిరుగుడులో కొంత పోగొట్టుకోవాలి. పాలపుంత మధ్యలో నక్షత్రాలు దూలం ఆకారంలో పొడుగ్గా అమరి ఉన్నాయి. ఈ దూలం తన ఆకర్షణతో వాయువును లాగి, దాని తిరుగుడు తగ్గిస్తుంది. అప్పుడు వాయువు కాలువ కట్టినట్టుగా లోపలికి దిగుతుంది. దిగిన వాయువు తిన్నగా నడిబొడ్డుకు చేరదు. లాకుల వెనక నీరు నిలిచినట్టు, కొన్ని వందల కాంతి సంవత్సరాల దూరంలో ఉంగరంలాగా నిలుస్తుంది. అక్కడి నుంచి కొద్దికొద్దిగా ఇంకా లోపలికి పోతుంది. చివరికి అది చిక్కబడి, చల్లబడి, తన బరువుకు తానే ముడుచుకుపోయి నక్షత్రాలు అవుతుంది.

దీనికి సాక్ష్యం ఉంది. కృష్ణబిలానికి ఒకటి రెండు కాంతి సంవత్సరాల లోపుననే వందకు పైగా పెద్ద నక్షత్రాలు దేదీప్యమానంగా మండుతున్నాయి. వాటి వయసు 40 నుంచి 60 లక్షల ఏళ్ళు. అది పెద్ద వయసని అనుకోకండి. సూర్యుడి వయసు సుమారు 460 కోట్ల ఏళ్ళు. సూర్యుణ్ణి అరవై ఏళ్ళ తాతయ్య అనుకుంటే, ఇవి ఇంకా నెల నిండని పసికందులు! నెల నిండని పసికందు ఊరు దాటి నడిచి రాదు గదా? అవి అక్కడే పుట్టి ఉండాలి.

అయితే ఒక చిక్కు వచ్చింది. కృష్ణబిలం పక్కన మామూలు వాయుమేఘం నిలవదు. బిలం లాగే లాగుడుకు అది చీలికలు పేలికలు అయిపోతుంది. మరి ఉయ్యాలే నిలవని చోట పాపాయి ఎట్లా పుట్టింది? ఈ చిక్కు విప్పటానికి నక్షత్రాల నడకే సహాయపడింది. ఆ పసి నక్షత్రాల్లో చాలా వాటి దారులు పళ్ళెంలాగా ఒకే చదునులో ఉన్నాయి. కనక ఒకప్పుడు వాయువు బిలం చుట్టూ దట్టమైన పళ్ళెంలాగా పేరుకుని ఉండాలి. అంత దట్టంగా ఉంటే బిలం చీల్చేలోపలే వాయువు తన బరువుతో ముడుచుకుపోగలదు. ఆ పళ్ళెంలోనే ఈ నక్షత్రాలు పుట్టాయి.

సమస్య తీరిపోయింది, ఇక ప్రయాణం ఎందుకు అంటారా? తొందరపడకండి. పసికందులు కొద్దిమందే. ఆ గుత్తిలో అత్యధిక భాగం ముసలి నక్షత్రాలు. అవి ఎట్లా వచ్చినట్టు? రెండో సమాధానం కోసం రేపల్లె బండి ఎక్కుదాం.

తెనాలి దగ్గిర పెద్ద లైను నుంచి చీలి, రేపల్లెకు ఒక చిన్న లైను పోతుంది. వేమూరు దాటాక భట్టిప్రోలు వస్తుంది. ఇక్కడ ఒక ప్రాచీన బౌద్ధ స్తూపం ఉంది. 1892లో అలెగ్జాండర్ రే అనే ఆయన దాన్ని తవ్వించి, లోపల రాతి బరిణెలను బయటికి తీశాడు. వాటి మీద బ్రాహ్మీ లిపిలో రాతలున్నాయి. ఆ అక్షరాలను చూసి స్తూపం రెండు వేల ఏళ్ళకు పైబడినదని చెప్పగలిగారు. పైకి చూస్తే అది ఒక దిబ్బ. లోపలి రాత చదివితే దాని వయసు తెలిసింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, బాపట్లలో పని పడుతుంది.

లైను చివర రేపల్లె. అక్కడి నుంచి తూర్పుగా పోతే పెనుమూడి రేవు దగ్గిర కృష్ణ విశాలంగా కనిపిస్తుంది. అవతలి గట్టు పులిగడ్డకు ఇప్పుడు వంతెన ఉన్నది. నది నడుమ లంకలు కనిపిస్తాయి. చుట్టూ వరిచేలు, నల్లని మట్టి.

ఇక్కడి ఏ తాతయ్యనైనా, "తాతయ్యా, ఈ నేల ఎప్పటి నుంచి ఉన్నది?" అని అడిగి చూడండి. "ఏరు తెచ్చి పోసిన నేలమ్మా ఇది!" అంటాడు. ఆ మాట అక్షరాలా నిజం. పడమటి పీఠభూమి మీద అరిగిపోయిన నల్లరాళ్ళ పొడిని నది మోసుకొచ్చింది. ఏరు వడిగా పారేటప్పుడు మట్టి నీటితోపాటే పోతుంది. వడి తగ్గినచోట అడుగుకు దిగుతుంది. వరద తరువాత వరద వచ్చి, పొర మీద పొర పడి, వేల ఏళ్ళకు ఈ డెల్టా ఏర్పడింది. ఈ నేల ఇక్కడ పుట్టలేదు. వచ్చి చేరింది.

గెలాక్సీ నడిబొడ్డు కూడా ఇట్లా వచ్చి చేరినదే అన్నది రెండో సమాధానం. వచ్చినది వాయువు కాదు, అప్పటికే తయారై ఉన్న నక్షత్రాలు. అదీ ఒకటొకటిగా కాక గుత్తులు గుత్తులుగా.

ఆకాశంలో లక్షల నక్షత్రాలు ద్రాక్షగుత్తికన్నా దట్టంగా, బంతిలాగా గుండ్రంగా కూడి ఉన్న గుత్తులున్నాయి. పాలపుంతలో ఇట్లాంటివి 150కి పైగా తెలుసు. అవి చాలా పాతవి. వెయ్యి కోట్ల ఏళ్ళ కిందటివి కూడా ఉన్నాయి. అవి నడిబొడ్డు చుట్టూ దూరదూరంగా తిరుగుతున్నాయి. తిరిగేది పడిపోదని ఇందాక చెప్పుకున్నాం. మరి వీటి వడి ఎట్లా తగ్గుతుంది? నీరు లేదు, గాలి లేదు, ఒరిపిడి ఎక్కడిది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు మన దేశంలో పెరిగినవాడే. తెనాలి, బాపట్లల మీదుగా పోయే పెద్ద రైలు దారి చివర చెన్నపట్నం ఉన్నది. అక్కడి ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, 1930లో పందొమ్మిదేళ్ళ వయసులో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఇంగ్లండుకు ఓడ ఎక్కాడు. తరువాత ఆయన అమెరికాలో స్థిరపడ్డాడు. 1983లో నోబెల్ బహుమానం పొందాడు. 1943లో ఆయన ఒక విచిత్రమైన ఒరిపిడిని లెక్క కట్టి చూపాడు. వస్తువులు ఒకదాన్నొకటి తాకకుండానే కలిగే ఒరిపిడి అది!

తిరునాళ్ళలో ఒక మనిషి జీళ్ళు పంచుతూ నడుస్తున్నాడనుకోండి. అతను ఎదురు రాగానే పిల్లలు అతనివైపు తిరుగుతారు. వాళ్ళు దగ్గిరికి చేరేసరికి అతను నాలుగడుగులు ముందుకు పోయి ఉంటాడు. కనక పిల్లల గుంపు ఎప్పుడూ అతని వెనకనే చేరుతుంది. వాళ్ళు పంచె పట్టుకు లాగుతారు. పాపం, అతని నడక మందగిస్తుంది. సరిగ్గా ఇదే జరుగుతుంది ఆకాశంలో కూడా. బరువైన గుత్తి, నక్షత్రాల మధ్య నుంచి పోతూ వాటిని తనవైపు ఆకర్షిస్తుంది. అవి చేరేసరికి గుత్తి ముందుకు పోయి ఉంటుంది. వెనక చేరిన నక్షత్రాల ఆకర్షణ గుత్తిని వెనక్కు లాగుతుంది. గుత్తి వడి తగ్గుతుంది. వడి తగ్గేకొద్దీ దాని దారి చుట్లు చుట్టుకుంటూ నడిబొడ్డువైపు దిగుతుంది.

ఈ ఒరిపిడి కూడా లెక్క ప్రకారమే నడుస్తుంది. గుత్తి బరువు రెండింతలైతే అది దిగటానికి పట్టే కాలం సగమవుతుంది. దూరం రెండింతలైతే కాలం సుమారు నాలుగింతలవుతుంది. కనక బరువైనవీ, దగ్గిరవీ త్వరగా నడిబొడ్డు చేరాయి. తేలికవీ, దూరానివీ ఇంకా పైన తిరుగుతున్నాయి. ఇవాళ మనకు కనిపించే గుత్తులు చాలావరకు అట్లా మిగిలినవే.

దారిలో కొంత నష్టం కూడా కద్దు. చిల్లుపడిన బస్తాలో ధాన్యం దారి పొడుగునా కారిపోయినట్టు, గుత్తి అంచులోని నక్షత్రాలు గెలాక్సీలో రాలిపోతాయి. గట్టి నడుము మాత్రం నడిబొడ్డు చేరి, అంతకు ముందు వచ్చిన వాటిలో కలిసిపోతుంది. 1975లో ట్రెమేన్, ఆస్ట్రైకర్, స్పిట్జర్ అనే ముగ్గురు, ఆండ్రోమెడా గెలాక్సీ నడుమ ఉన్న గుత్తి ఇట్లా ఏర్పడి ఉంటుందని చెప్పారు.

ఇప్పుడు సమాధానాలు రెండైనాయి. కాలువ నీటితో పండిన పంటా? వరదతో వచ్చిన మట్టా? తీర్పు కోసం బాపట్లకు పోదాం.

రేపల్లె నుంచి తెనాలికి తిరిగి వచ్చి, పెద్ద లైనులో దక్షిణంగా పోతే నిడుబ్రోలు దాటాక బాపట్ల వస్తుంది. 2022లో కొత్తగా ఏర్పడిన జిల్లాకు ఇది ముఖ్యపట్నం. రేపల్లె కూడా ఇప్పుడు ఈ జిల్లాలోనే ఉంది. భావనారాయణస్వామి పేరు మీదనే ఊరికి బాపట్ల అనే పేరు వచ్చిందంటారు. 1945 నుంచి ఇక్కడ వ్యవసాయ కళాశాల ఉన్నది.

వ్యవసాయం చదివినవారు మట్టిని ఎట్లా పరీక్షిస్తారో తెలుసా? గుప్పెడు మట్టి తీసుకుని అందులో ఏ ఏ పదార్థాలు ఎంతెంత ఉన్నాయో తేలుస్తారు. ఒండ్రు మట్టి వేరు, సముద్రపు ఒడ్డున ఉండే ఇసుక నేల వేరు. మట్టిలోని సరుకును బట్టి అది ఏ జాతి నేలో చెప్పవచ్చు.

నక్షత్రం నుంచి గుప్పెడు మట్టి తేలేం. కాని దాని వెలుగు తానే మన దగ్గిరికి వస్తుంది. ఆ వెలుగును రంగులుగా విడదీస్తే ఇంద్రధనుస్సులాంటి పట్టీ వస్తుంది. అందులో సన్నని గీతలుంటాయి. ఇనుముకు కొన్ని గీతలు, సున్నపు ధాతువుకు కొన్ని గీతలు. ప్రతి మూలపదార్థానికీ దాని గీతలు దానికే ప్రత్యేకం. భట్టిప్రోలు బరిణె మీది అక్షరాల్లాగా ఇవి నక్షత్రం తన మీద రాసుకున్న రాత.

ఈ రాత చదివే విద్య తొలినాళ్ళలోనే మన ప్రాంతానికి వచ్చింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దాన్ని చూడటానికి పియేర్ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎక్కడికి వచ్చాడనుకున్నారు? గుంటూరుకు! సూర్యుడి అంచున లేచే మంటల వెలుగును ఆయన అక్కడ విడదీసి చూశాడు. ఆ ఏడాదే లాకియర్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు, ఆ మంటల వెలుగులో ఉన్న ఒక పసుపు గీత భూమి మీద తెలిసిన ఏ పదార్థానిదీ కాదని తేల్చాడు. ఆ కొత్త పదార్థానికి హీలియం అని పేరు వచ్చింది. అది భూమి మీద దొరకటానికి 1895 దాకా పట్టింది.

ఈ హీలియం సంగతి మనకు ఎందుకంటారా? లోకంలో మొదట ఉన్నవి దాదాపు అంతా హైడ్రోజనూ హీలియమూ మాత్రమే. ఇనుము లాంటి బరువైన పదార్థాలు నక్షత్రాల్లో తయారై, అవి చచ్చేటప్పుడు వాయువులో కలుస్తాయి. ప్రతి కారుకూ జనుమో జీలుగో దున్ని కలిపితే చేను బలపడినట్టు, ఒక తరం నక్షత్రాలు పోయిన కొద్దీ వాయువు బలపడుతుంది. కనక తొలికాలంలో పుట్టిన నక్షత్రాల్లో ఇనుము తక్కువ. బలిసిన వాయువులో పుట్టిన నక్షత్రాల్లో ఇనుము ఎక్కువ. పాత గుండ్రని గుత్తుల్లో చాలా వాటికి ఇనుము తక్కువ. ఇదీ మనకు కావలసిన సాక్ష్యం!

శాస్త్రజ్ఞులు ఎన్నో గెలాక్సీల కేంద్రపు గుత్తులను ఇట్లా చదివారు. తీర్పు ఏమని వచ్చిందో వినండి. ఇద్దరూ గెలిచారు! చిన్న గెలాక్సీల నడుమ ఉన్న గుత్తుల్లో ముసలివీ, ఇనుము తక్కువవీ ఎక్కువ. అవి చాలావరకు వచ్చి చేరినవి. పెద్ద గెలాక్సీల నడుమ వయసు తేడాలు గల నక్షత్రాలున్నాయి, వాటిలో ఇనుము ఎక్కువ. అవి చాలావరకు అక్కడే పుట్టినవి. నక్షత్రాల మొత్తం బరువు వంద కోట్ల సూర్యులంత ఉన్న గెలాక్సీల దగ్గిర ఈ మార్పు కనిపిస్తుంది.

మరి మన పాలపుంత? అది పెద్ద గెలాక్సీ. కేంద్రపు గుత్తిలో ఎక్కువ నక్షత్రాలు ఇనుము బాగా ఉన్నవే. కాని 2020లో వెలువడిన ఒక పరిశీలనలో, నూటికి సుమారు ఏడు నక్షత్రాల్లో ఇనుము తక్కువని తేలింది. అంతేకాదు, వాటి నడక కూడా మిగతా వాటి నడకకు భిన్నంగా ఉంది. బజారులో ఏడుగురి యాస వేరుగా ఉన్నదన్నమాట! ఎప్పుడో ఒక గుత్తో, చిన్న గెలాక్సీయో వచ్చి కలిసిందనటానికి వాటిని గుర్తుగా తీసుకున్నారు.

ఇక మిగిలింది కంటితో చూడటం. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు పోతే సూర్యలంక. అక్కడ సముద్రం తీరం పొడుగునా పరుచుకుని ఉంటుంది. దక్షిణంగా చూస్తే నీరూ ఆకాశమూ తప్ప అడ్డం లేదు.

పాలపుంత నడిబొడ్డు ఏ దిక్కున ఉందంటే, మూల నక్షత్రానికీ పూర్వాషాఢకూ నడుమ. మూల అంటే వృశ్చికం తోక చివరి చుక్కలు. ధనుర్మాసం మొదట్లో సూర్యుడు దాదాపు ఆ దిక్కునే ఉంటాడు, కనక అప్పుడు దాన్ని చూడలేం. వేసవిలో అర్ధరాత్రి దాటాక అది దక్షిణాన బాగా పైకి వస్తుంది. అక్కడ పాలపుంత ఉబ్బెత్తుగా, మరింత తెల్లగా ఉంటుంది. కేంద్రపు గుత్తి మాత్రం ఆ ధూళి వెనక దాగే ఉంటుంది.

కాని మరొక గెలాక్సీ గుండెకాయను ఇక్కడి నుంచి వట్టి కంటితో చూడవచ్చునంటే నమ్ముతారా? మే నెల నడుమ, చంద్రుడు లేని రాత్రి పదింటికి సూర్యలంకలో దక్షిణంగా తిరిగి నిలబడండి. చెయ్యి చాచి పిడికిలి బిగించి, సముద్రపు అంచు మీద రెండున్నర పిడికిళ్ళ ఎత్తు కొలవండి. అక్కడ మసకగా, దూది పింజలాగా ఒక చుక్క కనిపిస్తుంది. దాని పేరు ఒమేగా సెంటారీ. పూర్వులు దాన్ని ఒంటి నక్షత్రమనుకున్నారు. 1677లో ఎడ్మండ్ హాలీ, సెయింట్ హెలీనా దీవి నుంచి చూసి, అది మామూలు నక్షత్రం కాదన్నాడు. అందులో సుమారు కోటి నక్షత్రాలున్నాయి! దూరం సుమారు 17,000 కాంతి సంవత్సరాలు.

మామూలు గుత్తిలోని నక్షత్రాలు దాదాపు ఒకే ఈడువి. కాని ఇందులో పలురకాల నక్షత్రాలున్నాయి. అందువల్ల ఇది ఒకప్పుడు ఒక చిన్న గెలాక్సీకి కేంద్రపు గుత్తి అయి ఉంటుందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ గెలాక్సీని పాలపుంత చీల్చి మింగేసింది. టెంక మిగిలిపోయింది. 2024లో దాని నడుమ విపరీతమైన వేగంతో తిరిగే ఏడు నక్షత్రాలు బయటపడ్డాయి. వాటిని పట్టి ఉంచాలంటే నడుమ కనీసం 8,200 సూర్యుల బరువు గల కృష్ణబిలం ఉండాలని లెక్క వేశారు. బాపట్ల మీదుగా పోయే ఈ రైలు దారిలోనే ఇంకా దక్షిణాన సూళ్ళూరుపేట ఉంది; దాని పక్కనే శ్రీహరికోట. అక్కడి నుంచి 2015లో ఎగిరిన మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం కూడా ఒమేగా సెంటారీని అతినీలలోహిత కిరణాలతో పరిశీలించింది.

మింగటం ఇంకా జరుగుతున్న గెలాక్సీ కూడా ఒకటి ఉంది. దాన్ని 1994లో ధనూరాశి దిక్కున కనిపెట్టారు. దాని నడిబొడ్డున ఉన్న గుత్తిని మెస్యే అనే ఫ్రెంచివాడు 1778లోనే చూసి, తన పట్టికలో 54వదిగా చేర్చాడు. అది ఒక గెలాక్సీ గుండె అని ఆయనకు తెలియదు. ఉత్తరాషాఢ చుక్కల్లో ఒకదాని పక్కన, మంచి దుర్భిణీకి అది మసకగా కనిపిస్తుంది. అందులో ఇనుము తక్కువైన ముసలి నక్షత్రాలూ ఉన్నాయి, ఇనుము ఎక్కువైన పడుచు నక్షత్రాలూ ఉన్నాయి. వచ్చి చేరినవారూ, అక్కడే పుట్టినవారూ ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నారన్నమాట.

ఒమేగా సెంటారీని చూడటానికి యంత్రం అక్కరలేదు గాని చీకటి కావాలి. దీపాల వెలుతురు ఆకాశంలోకి పోయేకొద్దీ మొదట మాయమయ్యేవి ఇట్లాంటి మసక చుక్కలే. 17,000 ఏళ్ళు ప్రయాణం చేసి వచ్చిన వెలుగు, ఒడ్డున ఉన్న ఒక్క దీపపు స్తంభానికి ఓడిపోతుంది. కనక ఇంటి బయట వేసే దీపం నేల మీద పడేటట్టు పైన రేకు కప్పటం, అవసరం తీరాక ఆర్పటం పెద్దలు చెయ్యగల సహాయం.

వచ్చే వైశాఖం చివరి అమావాస్యకు పెద్దల్ని వెంటబెట్టుకుని సూర్యలంక వెళ్ళండి. నీటికి దూరంగా, పొడి ఇసుకలో కూచోండి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆలోపల సెల్‌ఫోను వెలుతురు చూడకండి. తరువాత దక్షిణాన రెండున్నర పిడికిళ్ళు కొలవండి.